ఆకాశాన్ని దగ్గర చేసిన మంత్రిగారు

బ్రాక్‌నెల్ తెలుగు కళా సమాఖ్య ఏకగ్రీవంగా ప్రకటించింది: మన రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులు శ్రీ రామలింగయ్య గారి సమక్షంలో 'అమెరికా రాజకీయ వ్యంగ్యం: పుట్టుక, పెరుగుదల' అనే అంశంపై మహాసభ జరుగుతుంది. అందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి నవ్వవలసిందిగా ప్రార్థన. నవ్వవలసిన చోట్లు వేదిక మీంచి తెలియజేస్తారు.

బ్రిటన్‌లో ఉండి అమెరికా గురించి దేనికని ఒకాయన అడిగాడు. మా అధ్యక్షులు డాక్టర్ మూర్తి గారు ముందుచూపున్న మనిషి. "ఇక్కడి వాళ్ళ మీద జోకులేస్తే వీసా భయం, మనవాళ్ళ మీద వేస్తే కేసుల భయం. అమెరికా వాళ్ళు మనకేమవుతారండీ? సేఫ్ టాపిక్" అన్నారు. సమాఖ్యలో మైకు చూసుకునే నేను, ఇలాంటి నాయకుడు దొరకడం మా అదృష్టమని ఆ రోజే అనుకున్నాను.

మంత్రిగారు బ్రిటన్ బడుల్ని అధ్యయనం చేయడానికి వచ్చారు. ఆగస్టు నెల కావడంతో బడులన్నీ మూసి ఉన్నాయి. ఆయన నిరుత్సాహపడలేదు. ప్రతి బడినీ గేటు బయట నిలబడి శ్రద్ధగా అధ్యయనం చేసి, ఫొటో దిగారు.

ప్రసంగానికి న్యూకాసిల్ నుంచి మనస్విని అనే అమ్మాయిని పిలిపించారు. ఈ విషయం మీదే ఎం.ఏ. చేస్తోంది. పారితోషికం వద్దంది. వాళ్ళ నాన్న మన రాష్ట్రంలో సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఆ బడి పైకప్పు గాలివానకు పోయింది. మాస్టారు ఆ గదిని ఫొటో తీసి, కింద 'పిల్లలకు ఆకాశాన్ని దగ్గర చేసిన విద్యామంత్రిగారికి వందనాలు' అని రాసి, ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి సస్పెండ్ చేశారు.

"సభ సాఫీగా జరిగితే మీ నాన్నగారి విషయం మంత్రిగారి చెవిన నేనే వేస్తానమ్మా" అని మూర్తి గారు మాటిచ్చారు. మాస్టారు ఏం రాశారో మాత్రం అడగలేదు. అలాంటివి వినడం కూడా నేరమేనేమోనని ఆయన జాగ్రత్త.

ప్రసంగాన్ని పరిశీలించడానికి జూమ్ మీటింగు పెట్టారు. మంత్రిగారి పి.ఎ. బాబీ గారు పాల్గొన్నారు.

"అమెరికా పేపర్లలో మొదట్లో వచ్చిన రాజకీయ కార్టూన్ ఒక పామండీ. ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కలిసి ఉండకపోతే చస్తామని దాని అర్థం" అని మనస్విని మొదలుపెట్టింది.

"శ్రావణమాసంలో పామును ముక్కలు చేయడమేంటమ్మా! తీసెయ్" అన్నారు బాబీ గారు.

"తర్వాత గాడిదండీ. ఎన్నికల్లో ఒకాయన్ని ప్రత్యర్థులు గాడిద అన్నారు. ఆయన సిగ్గుపడకుండా దాన్నే వాడుకున్నాడు. తర్వాత కార్టూనిస్టుల చేతిలో పడి అదే ఆ పార్టీకి గుర్తయింది."

"గాడిద వద్దు. ఇంకేమున్నాయి?"

"అవతలి పార్టీకి ఏనుగండీ."

"ఏనుగు ఉంచు. సార్ పర్సనాలిటీకి సరిపోతుంది."

న్యూయార్క్‌లో ఒక నాయకుడు, 'పేపర్ల వాళ్ళు ఏమైనా రాసుకోనివ్వండి, మా ఓటర్లకు చదువు రాదు. ఆ బొమ్మలు మాత్రం ఆపండి' అన్నాడని చెబుతారంది మనస్విని. బాబీ గారు ఈ ఒక్కచోట తల పంకించి, "అనుభవం ఉన్నవాడు" అన్నారు.

చివరికి, అమెరికాలో ఏటా విలేఖరుల విందు జరుగుతుందనీ, చాలామంది దేశాధ్యక్షులు వెళ్ళి తమ మీద వేసే జోకులు ఎదురుగా కూర్చుని విన్నారనీ మనస్విని చెప్పింది. బాబీ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"కూర్చుని వింటారా? ఫొటోలు కూడా వస్తాయా? అయితే మా సార్ కూడా వింటారు. సార్ మీద ఒక పేజీ వ్యంగ్యం రాయించండి. రేపటికల్లా అప్రూవల్‌కి పంపండి."

మర్నాడు కార్యవర్గం కూర్చుని మంత్రిగారిని విమర్శించింది. 'మంత్రిగారికి భోజనం వేళ తెలియదు, ప్రజల గొడవే తప్ప' అని ఒకరు. 'ఆయన ఆరోగ్యం పట్ల చూపే నిర్లక్ష్యం క్షమించరానిది' అని ఇంకొకరు. ఈ వాక్యాల మధ్య మనస్విని ఒకటి చేర్చింది: 'పిల్లలకు ఆకాశాన్ని దగ్గర చేసిన మహనీయులు.'

మూర్తి గారు దాని దగ్గర ఆగారు. "ఇది వట్టి పొగడ్తేనమ్మా. కాస్త పదును పెట్టకూడదూ?"

"అంతకంటే పదునైతే తట్టుకోలేరు అంకుల్" అంది.

బాబీ గారి దగ్గర్నుంచి అప్రూవల్ వెంటనే వచ్చింది.

మా సమాఖ్యకు రెండు సంప్రదాయాలున్నాయి. సన్మాన పత్రం ఒకటే ఉంటుంది. వచ్చిన వారిని బట్టి పేరు మారుస్తాం. కిందటేడు అదే పత్రం ఒక సినిమా విలన్‌కి చదివాం. రెండోది, దాన్ని ఇక్కడ పుట్టిన పిల్లల చేత చదివిస్తాం. వాళ్ళ కోసం కాగితాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం. మూర్తి గారమ్మాయి శ్రీప్రియ ఇందులో దిట్ట. ఒక్క ఒత్తు కూడా తప్పదు, అర్థం మాత్రం అడక్కూడదు.

సభ రోజు పళ్ళెంలో పైన వ్యంగ్యం, కింద సన్మాన పత్రం, ఆ పక్కన శాలువా పెట్టాం. రెండు కాగితాలకూ ఒకే బంగారు అంచు. వ్యంగ్యం ముందు, సన్మానం తర్వాత. కారం తిన్నాక తీపి పెట్టినట్టు ఉంటుందని మూర్తి గారి ఆలోచన. సభ మొదలయ్యాక బాబీ గారు నా చెవిలో, "సన్మానం ముందు కానివ్వండి. సార్‌కి షాపింగ్ ఉంది. మధ్యలో లేచినా అప్పటికే శాలువా భుజాన పడి ఉండాలి" అన్నారు. నేను మైకులో సన్మానమని ప్రకటించాను. శ్రీప్రియ వచ్చి, పళ్ళెంలో పైనున్న కాగితం తీసుకుని చదివింది.

ముత్యాల్లా చదివింది. రెండో వాక్యానికే మూర్తి గారి ముఖం పాలిపోయింది. ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యం దగ్గర ముందు వరుస ఆంటీలు అయ్యో అన్నారు. 'పిల్లలకు ఆకాశాన్ని దగ్గర చేసిన మహనీయులు' అనేసరికి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"బాబీ, ఎంత మాటయ్యా! ఇన్నేళ్ళలో నన్ను ఇంతలా అర్థం చేసుకున్నవాడు లేడు. రాసుకో."

బాబీ గారు రాసుకున్నారు. మూర్తి గారు కూడా చప్పట్లు కొట్టారు.

"Dad, was that the funny one?" అని శ్రీప్రియ అడిగింది.

"ష్... గో అండ్ సిట్" అన్నారు.

తర్వాత మనస్విని లేచింది. పళ్ళెంలో మిగిలిన కాగితం తీసి చూసింది. మూర్తి గారిని చూసింది. ఆయన వద్దనీ అనలేరు, కానివ్వమనీ అనలేరు. అమెరికాలో బొమ్మలతో మొదలైన వ్యంగ్యం రేడియోకూ టీవీకీ ఎలా పాకిందో, చివరికి ఉత్తుత్తి వార్తల పత్రికలు ఎలా పుట్టాయో చక్కగా చెప్పి, "ఇప్పుడు మన మంత్రిగారి మీద వ్యంగ్యం" అని, సన్మాన పత్రం అక్షరం మార్చకుండా చదివింది.

"తమరు నడిచిన దారి రహదారి! తమరి చూపు సోకితే ఎండిన చెరువులు పొంగును! తమరి చిరునవ్వు కరెంటు లేని పల్లెకు వెన్నెల!"

హాలు గొల్లుమంది. 'అపర భగీరథులు' దగ్గర ఒక కన్సల్టెంట్ డాక్టరు గారికి దగ్గు తెర వచ్చి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. ఏటా అదే పత్రానికి కునుకు తీసే జనం ఇంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మంత్రిగారు మొదట ఫొటో కోసం నవ్వారు. తర్వాత మానేశారు.

"వ్యంగ్యాన్ని నేను స్వాగతిస్తాను" అన్నారు లేచి. "కానీ నేను నడిస్తే రోడ్డు పడుతుందా? ఇంత వెటకారమా? ఇది రాసిందెవరు?"

మూర్తి గారే పదేళ్ళ కిందట రాశారు. మంత్రిగారి దగ్గర ప్రవాస సలహాదారు పదవి ఆయనకు దాదాపు ఖాయమైందని అంతవరకూ ఊళ్ళో అనుకునేవారు. ఇప్పుడు అనుకోవడం లేదు.

కారెక్కబోతుంటే మనస్విని తనే మంత్రిగారికి అడ్డం వెళ్ళింది.

"సార్, మా నాన్న టీచరండీ. మీ మీద వ్యంగ్యం రాశారని సస్పెండ్ చేశారు. మా ఇంటికి వేరే ఆధారం లేదండీ."

"ఏం రాశాడో చెప్పకమ్మా, నాకు కోపం వస్తుంది. నేను సహిస్తాను. డిపార్ట్‌మెంట్ సహించదు" అని ఆయన ఆప్యాయంగా తల నిమిరి కారెక్కారు. నాకు ఏడుపొచ్చింది. మైకు తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

నెల తర్వాత మనస్విని ఫోన్ చేసింది. బ్రాక్‌నెల్ సభలో వచ్చిన ఆ మహావాక్యాన్ని ప్రతి బడి గోడ మీదా రాయించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందట. వాళ్ళ ఊళ్ళో అంత మంచి దస్తూరీ వాళ్ళ నాన్నకు తప్ప లేదు కాబట్టి ఆయన్నే పిలిచారట.

"అయితే సస్పెన్షన్ ఎత్తేశారా అమ్మా?"

"లేదంకుల్. కూలికి పిలిచారు."

"రాశారా మరి?"

"రాశారు. వానకు అక్షరాలు కారిపోకూడదని, ఆ వాక్యం పైన అధికారులు చూరులా పెద్ద రేకు వేయించారు. వాన పడితే పిల్లలందరూ దాని కిందే నిలబడుతున్నారట."