అంజినప్ప గొర్రుకు తుప్పు పట్టదు

దేశం మొత్తం మీద అన్నిటికన్నా సుఖంగా బతుకుతున్న ఇనుము ఎక్కడుందో తెలుసా? ఏ ఉక్కు ఫ్యాక్టరీలోనో, ఏ మ్యూజియంలోనో అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే! అది గుమ్మఘట్ట మండలంలో, అంజినప్ప అనే వేరుశనగ రైతు కొట్టంలో ఉంది.

దాని సుఖానికి కారణం ఒక స్ప్రే డబ్బా. తుప్పు పట్టిన తాళాన్ని ఎవరో బుస్సుమని ఒక్క స్ప్రేతో తెరిచి చూపించిన వీడియో అంజినప్ప ఫోన్లో కనబడింది. ఆ రోజు నుంచి మనిషి మనిషిలా లేడు. పొద్దున్నే కాఫీ తాగి కొట్టంలోకి పోతాడు. పార, గడ్డపార, కొడవళ్లు, ట్రాక్టరుకు తగిలించి విత్తనం వేసే ఇనుప గొర్రు, అన్నిటికీ స్నానం చేయిస్తాడు. గొర్రుకైతే రెండో విడత కూడా. తర్వాత తలుపు బందులు, గేటు, గోడకున్న మేకులు. ఒకసారి కుక్క మెడలోని గొలుసుకూ కొట్టాడు. ఆ కుక్క చాలా రోజులు పక్కింట్లోనే అన్నం తిన్నది.

ఇక్కడ తెలివైన పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. తుప్పు పట్టాలంటే తడి ఉండాలి కదా, ఆ ఊళ్లో తడి ఎక్కడిదీ అని. బాగానే ఉంది మీ సైన్సు! తడి వచ్చాక తుప్పును ఎవరైనా ఆపుతారు. అసలు వస్తుందో రాదో తెలియని తడికి ఏళ్ల తరబడి కాపలా కాయాలంటే ఎంత ముందుచూపు కావాలి? బోరు ఎండిపోయాక పైకి లాగేసిన మోటారుకు కూడా అంజినప్ప రోజూ కొడతాడు. నీళ్లలో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరైనా ఇంత ముద్దు చేశారా?

భార్య తిప్పమ్మకు మాత్రం ఈ మెయింటెనెన్సు ఎక్కలేదు. దసరాకు ఆయుధ పూజ చేస్తూ గొర్రుకు పసుపు రాస్తే, అది ఆమె చేతికి అంటింది గానీ ఇనుముకు అంటలేదు. కుంకుమ బొట్టు జారి నేల మీద పడింది.

"పసుపు గుడక నిలబడని ఇనుము యాడన్నా ఉండాదా అయ్యా?" అంది తిప్పమ్మ.

"తుప్పు గుడక నిలబడదు. అది సూడు ముందు," అన్నాడు అంజినప్ప.

నిజం చెప్పుకుందాం. వాన లేని ఊళ్లో పొద్దున్నే నిద్ర లేచిన రైతుకు పనేముంటుంది? ఆ స్ప్రే కొట్టడమే అంజినప్పకు మిగిలిన సేద్యం. పాపం, దాన్ని కూడా ఎగతాళి చేస్తే ఎలా?

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. వాన పడి నేల పదునెక్కిన రోజు గొర్రు ఎవరిదైనా ఊరందరిదీ. ఒక చేను విత్తగానే ఇంకో చేనికి పోతుంది. తడి ఆరేలోగా అందరూ విత్తుకోవాలి మరి. కిందటేడు నాలుగు చినుకులు పడితే పక్క చేను పాపన్న వచ్చి గొర్రు అడిగాడు. ఈ చినుకులకు తన గొర్రును బయటికి తీయడం దండగని అంజినప్ప అప్పటికే తేల్చుకున్నాడు.

"నీ చేన్లో రాళ్లుండాయి పాపన్నా. గీతలు పడతాయి," అన్నాడు.

పాపన్న పోయి ఎక్కడో ఒక పాత గొర్రు కొనుక్కొచ్చి వాకిట్లో పడేశాడు. దానికి ఏ స్నానమూ లేదు.

ఈ ఏడు వాన నిజంగానే పడింది. విత్తకపోతే ఇద్దరమూ బెంగళూరుకు కూలికి పోవాల్సిందేనని మొగుడూ పెళ్లాలు ముందే అనుకున్నారు. అందుకే తెల్లారకముందే తిప్పమ్మ విత్తనం మూట విప్పింది. బాడుగ ట్రాక్టరు వచ్చింది. ఎండలో తళతళలాడుతూ గొర్రు చేనిలో దిగింది. మొదటి చాలు కొసదాకా పోయి వెనక్కి తిరిగి చూస్తే నేలలో ఒక్క గింజ లేదు!

ఇన్నాళ్ల స్ప్రే జిడ్డూ, ఇన్నాళ్ల గాలి తెచ్చిన ఎర్ర దుమ్మూ ఏకమై, విత్తనం జారే గొట్టాలను ముద్దగా మూసేశాయి. అంజినప్ప పుల్లతో పొడిచాడు, కమ్మీతో పొడిచాడు. వదులవుతుందేమోనని ఇంకాస్త స్ప్రే కూడా కొట్టాడు. ఎండ ముదిరింది, గాలి లేచింది. ఆరిపోతున్న నేలను చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. పోయి పాపన్న చేను గట్టు మీద నిలబడ్డాడు.

పాపన్న గొర్రు మీద పొద్దున ఉన్న తుప్పు నేల రాపిడికి ఎప్పుడో పోయింది.

"ఏమప్పా, అట్ల నిలబడినావు? నాది అయిపోయింది, తీసుకుపో," అన్నాడు పాపన్న. "గీతలు పడితే పడనీ."

పొద్దు గూకేలోగా సగం చేను విత్తగలిగారు. మిగతా సగం గాలికి ఆరిపోయింది. ఆ సగం విత్తాలన్నా, ఈ సగం బతకాలన్నా ఇంకో వాన కావాలి. రోజూ మబ్బులు వచ్చాయి, కర్ణాటక వైపు పోయాయి. మొలకలు తలలు వాల్చాయి.

అంజినప్ప రాయదుర్గం పోయి హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడ్డాడు. షాపాయన అలవాటుగా కొత్త స్ప్రే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"అది వద్దన్నా. తుప్పు పట్టించేది ఏమన్నా ఉంటే ఇయ్యి."

షాపాయన నవ్వాడు. "దానికి మందెందుకప్పా? బయట పెట్టి నీళ్లు పడనిస్తే అదే పడతాది."

"ఆ నీళ్లే," అన్నాడు అంజినప్ప. "అవి యాడ దొరుకుతాయో చెప్పు."