తోపుడుబండి రీలు

ఆ రోజు వెల్డింగ్ షాపు తెరవకూడదని పళ్ళు తోముకుంటున్నప్పుడే అతను నిర్ణయించుకున్నాడు. నాన్న తీసిన ఫిల్మును పొద్దున్నే స్టూడియోలో ఇవ్వాలి, వీడియోగా మార్పించి ఫోనులో పెట్టించుకోవాలి, సాయంత్రం బంధువులంతా అక్క ఇంట్లో కలిసినప్పుడు అందరికీ చూపించాలి. తాడో పేడో తేలిపోవాలి.

సంగతి చిన్నప్పటిది. పెరట్లో నాన్న కొత్త కెమెరాతో పిల్లలిద్దరినీ తీస్తుండగా అక్క కొత్త గౌనుతో సహా ఎరువు గుంటలో పడింది. నాన్న కెమెరా దించి చూసేసరికి గుంట అంచున చెయ్యి చాపి నిలబడ్డది ఇతనే. చెంప పగిలింది. మర్నాటి నుంచి ఇతని పేరు తోపుడుబండి. జుట్టు నెరిసింది గానీ పేరు చెరగలేదు. ఇప్పుడు అక్క మనవలు కూడా "తోపుడు తాతా" అంటున్నారు. తను తొయ్యలేదని అతనికి తెలుసు. నమ్మినవాళ్ళే లేరు.

వేసి చూసే మిషను ఇంట్లో లేక ఇన్నేళ్ళూ ఎవరూ చూడని రీలు అటక మీది రేకు డబ్బాలో దొరికింది. బొమ్మ ఉందో చెరిగిపోయిందో చూద్దామని ఫిల్మును వెలుతురుకు పట్టి లాగాడు. లాగేకొద్దీ వచ్చింది. చివరికి చక్రం నుంచి మొత్తం ఊడి నేలంతా పరుచుకుంది. పిల్లి దాన్ని చూసి పాము అనుకుందో ఏమో, మీదికి దూకి మంచం కిందికి ఈడ్చుకుపోయింది.

"ఏ కొస ఎటుదో చూసుకొని చుట్టండి," అంది భార్య.

"ఉన్నవి రెండే కొసలు, అందులో చూసేదేముంది? ముందు ఆ పిల్లిని పట్టుకో!"

చేతికందిన కొసను చక్రానికి తగిలించి కసికొద్దీ తిప్పేశాడు.

స్టూడియో యజమాని నిదానస్తుడు. "ఒకసారి వేసి చూసుకొని, రంగులు సరిచేసి రేపో ఎల్లుండో..."

"రంగులెవడికి కావాలయ్యా? నాకు న్యాయం కావాలి! చూస్తూ కూర్చోకు, మిషన్లో పెట్టి లాగించెయ్!"

నెత్తిన నిలబడి బుసలు కొడుతుంటే యజమాని చూడకుండానే పని ముగించాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కాబట్టి ఇతనూ చూడలేదు. సాయంత్రం దాకా ఆగే ఓపిక లేక, యజమాని చేతే వీడియోను బంధువుల గ్రూపులోకి పంపించి, కింద "ఇప్పుడేమంటారు?" అని రాయించాడు.

వీధి మలుపు తిరగకముందే ఫోను మోగింది.

"ఒరేయ్, సిగ్గుందా నీకు?" అక్క గొంతు. "నేను గుంటలోంచి పిట్టలా ఎగిరొచ్చి నీ చెయ్యి ముందు వాలానా? గౌను మీద మరకైనా లేదు! నువ్వే పైకి లాగినట్టు కంప్యూటర్లో కల్తీ చేయిస్తావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది!"

"కల్తీనా? నేనా?"

"ఇంకెవరు, మీ బావా? ఆయనకు ఫోనెత్తడమే రాదు!"

గ్రూపులో పిన్ని కొడుకు అప్పటికే పెట్టేశాడు: "తోపుడుబండి కాస్తా క్రేన్ అయిందే!"

అతను అగ్గి మీద గుగ్గిలమై వెనక్కి తిరిగాడు. "నా ఫిల్మును నాశనం చేశావు. ఆ మాటేదో మా అక్కతో నువ్వే చెప్పు!" అని యజమానిని స్కూటరెక్కించి, ఒక్క గతుకు కూడా వదలకుండా అక్క ఇంటికి తీసుకుపోయాడు. సాయంత్రం రావలసిన బంధువులు తమాషా చూడటానికి అప్పుడే దిగిపోయి ఉన్నారు. భార్య కూడా వచ్చేసింది.

"కాస్త మంచినీళ్ళు తాగి..." అన్నాడు బావ.

"మీరుండండి!" అంది అక్క. "నువ్వుండు బావా!" అన్నాడు ఇతను. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఈలోగా యజమాని ఫోనులో వీడియో చూశాడు. "కోళ్ళన్నీ వెనక్కి నడుస్తున్నాయేంటి? ఈ రీలు చుట్టిందెవరు?"

"ఈయనా, పిల్లీ," అంది భార్య.

"తలా తోకా మార్చి చుట్టారు సార్. అంతా తిరగబడింది." యజమాని ఫోనులోనే దాన్ని తిప్పి వేశాడు.

ఈసారి కోళ్ళు ముందుకే నడిచాయి. పిల్లలిద్దరూ నవ్వుతూ నిలబడ్డారు. ఓ పక్క నుంచి పెద్ద చెయ్యి ఒకటి తెర మీదికి వచ్చింది. నాన్న చెయ్యి. వెనక్కి, ఇంకా వెనక్కి అని ఊపింది. అక్క బుద్ధిగా వెనక్కి జరిగింది. తమ్ముడు గుంటను చూసి నోరు తెరిచాడు. నోరు ముయ్యమని చెయ్యి గద్దించింది. అక్క ఇంకొంచెం జరిగింది. తమ్ముడు పట్టుకోబోయాడు. గౌను అంచు అందలేదు.



"పట్టుకోబోయావట్రా?" అంది అక్క.

"యాభై ఏళ్ళుగా అదే కదా మొత్తుకుంటున్నా!"

"మరి పట్టుకోలేదేం?"

"పట్టుకుంటే ఇద్దరం పడేవాళ్ళం. నువ్వప్పుడూ సన్నగా లేవు."

అక్కకు కోపం రాలేదు. వచ్చింది గానీ ఇటు రాలేదు. ఇద్దరూ ఒక్కసారే గోడ మీది నాన్న ఫోటో వైపు తిరిగారు.

"పైగా చెంప పగలగొట్టాడు," అన్నాడు అతను.

"ఆ గౌను నా చేతే ఉతికించాడ్రా," అంది అక్క పళ్ళు నూరుతూ. తర్వాత మనవల వైపు తిరిగి, "ఇంకోసారి ఎవరైనా తోపుడు తాత అన్నారో, వీపు చీరేస్తా!" అంది.

వాతావరణం చల్లబడిందనుకున్న స్టూడియో యజమాని ఉత్సాహంగా ఫోను పైకెత్తాడు. "అందరూ కలిశారు కదా, ఒక్క ఫోటో తీస్తాను. కొంచెం వెనక్కి జరగండి."

ఒక్కరూ కదల్లేదు.