కొండకి ఇటు దిగిన విమానం

మధ్యలో నవ్వితే అక్కడే ఆపేస్తాను, ముందే చెబుతున్నా. ఇది మా అత్తగారి గుండె ఆపరేషన్ సంగతి.

ఆవిడ ఉన్న ఆసుపత్రి మాకు చాలా దూరం. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు వాళ్ళమ్మ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని మా ఆవిడ ఆరాటం. ఆ ఊరికి నేరుగా విమానం ఉందని, టికెట్లు తనే తీస్తానని మా తోడల్లుడు ఫోన్ చేశాడు. అడక్కుండా సలహాలిస్తాడని ఆయనకి సలహాలరావు అని పేరు పెట్టింది నేనే. ఆయన తీసిన టికెట్టు మీద నేను వెళ్ళడమా?

"నేను చూసుకుంటాను" అన్నాను.

మా ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే ఆపరేషన్ సోమవారం సాయంత్రం. గుర్తుంచుకోండి" అంది.

నేను చూసుకునేసరికి ఆ విమానం నిండిపోయింది. ఆ మాట ఇంట్లో చెబితే ఇంకేమైనా ఉందా? కంప్యూటర్ ముందు తపస్సు చేసి, పక్కనే ఇంకో చిన్న విమానాశ్రయాన్ని కనిపెట్టాను. రెండింటికీ మధ్య ప్రయాణం ఇరవై నిమిషాలని అందులో రాసి ఉంది.

"అక్కడ దిగితే ఆసుపత్రికి ఎంత? నువ్వు తల దువ్వుకునేంతసేపు" అన్నాను.

"దువ్వుకోవడానికి అంతసేపు ఎప్పుడు వదిలారు నన్ను?"

సోమవారం మధ్యాహ్నం అక్కడ దిగాం. బయట ఒకే ఒక్క టాక్సీ ఉంది.

"చీకటి పడేసరికి దింపేస్తాను సార్" అన్నాడు డ్రైవరు.

"ఇరవై నిమిషాలేగా!"

అతను ఎదురుగా ఉన్న కొండ చూపించాడు. "దాని మీంచి ఎగిరితే అంతే సార్. మనం చుట్టూ తిరిగి వెళ్ళాలి."

"మరి ఎగిరే విమానం?"

"ఈ రెండింటికీ మధ్య విమానమే లేదు సార్."

విమానం ఉంటే ఇరవై నిమిషాలని రాశారు. ఉందని ఎవరూ రాయలేదు.

మా ఆవిడ తిడితే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆ రోజు తిట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎంతసేపు వెళ్ళినా కొండ మాత్రం పక్కనే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

"తప్పు నాదే. పంతానికి పోయి నిన్ను మీ అమ్మకి దూరం చేశాను."

"ఇంకా?"

"అసలు విమానం నిండిపోయిందని దాచాను."

"ఇంకా?"

"ఇకనుంచి నువ్వెలా చెబితే అలాగే."

డ్రైవరు తన అద్దాన్ని పక్కకి తిప్పేసుకున్నాడు.

ఆసుపత్రి మెట్లు పరిగెత్తి ఎక్కాను. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు.

"ఇవాళే వచ్చేశారా అల్లుడుగారూ! ఆపరేషన్ రేపు సాయంత్రం కదా?"

నేను మా ఆవిడ వైపు తిరిగాను.

"మీరు 'నేను చూసుకుంటాను' అన్నారు చూడండి, అప్పుడే మీకు మాత్రం ఆపరేషన్ని ఒక రోజు ముందుకి జరిపి చెప్పాను" అంది మెల్లగా.

"కారులో చెప్పొచ్చుగా?"

"మీరు చెబుతుంటే అడ్డు రావడం దేనికని."

అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ అల్లుడు రేపొస్తానన్నాడు. మీరే ముందు పరిగెత్తుకొచ్చారు నాయనా" అన్నారు. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. నిజం చెబుదామని నోరు తెరిచాను. వాళ్ళమ్మ రెండో చెయ్యి పట్టుకుని కూర్చున్న మా ఆవిడ, వద్దన్నట్టు తల ఊపింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

ఆపరేషన్ బాగా జరిగింది. తిరుగు టికెట్లు సలహాలరావు తీశాడు, నేరుగా. నేను బుద్ధిగా ఎక్కి కూర్చున్నాను.

విమానం పైకి లేచింది. మా ఆవిడ కిటికీలోంచి కిందకి చూసి నా భుజం తట్టింది.

"ఏమండీ, మీ కొండ."