కెమిస్ట్రీ పక్కన డబ్ల్యూ

మంగళవారం ఉదయం డెల్ఫీనా బోర్బా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్లోని రెండేళ్ల కాలేజీకి యూనివర్సిటీ నుంచి మిసెస్ హాల్వర్సన్ అనే ఆవిడ వస్తోంది. ఆవిడను కలిసి, తన మార్కుల జాబితాలో కెమిస్ట్రీ పక్కన పడిన డబ్ల్యూ వల్ల యూనివర్సిటీ సీటు పోతుందా అని అడగాలి. డబ్ల్యూ అంటే ఆ కోర్సును మధ్యలో వదిలేసిందని గుర్తు.

"నేనూ వస్తా. బోర్బాల పిల్ల పని మధ్యలో వదిలేసిందంటే వాళ్లేమనుకుంటారు?" అన్నాడు తండ్రి జెర్మానో.

"పది నిమిషాల పని నాన్నా!"

నానమ్మ ఇడలీనా అప్పటికే చర్చి బట్టలు వేసుకుని, ఒళ్లో తీపి రొట్టెతో ట్రక్కులో కూర్చుని ఉంది.

"నా కాలు సంగతి మాత్రం అక్కడ ఎవరూ ఎత్తొద్దు," అని దారిలో జెర్మానో రెండుసార్లు చెప్పాడు. నిరుడు చలికాలంలో పాకకప్పు మీంచి పడి ఆయన కాలు విరిగిందని ఊరంతటికీ తెలుసు.

కాలేజీలో హాల్వర్సన్ జాబితా చూసి, "ఈ డబ్ల్యూ..." అందో లేదో నానమ్మ అందుకుంది.

"నిమోనియా తల్లీ! మూడు నెలలు మంచం దిగలేదు."

సరిగ్గా అప్పుడే జెర్మానో, "ఆ మాస్టారికి పాఠం చెప్పడం రాదండీ. మా అమ్మాయి రోజూ వెళ్లి చూసింది," అన్నాడు.

"మంచం మీదుండే రోజూ వెళ్లిందా?" అంది హాల్వర్సన్.

"మా పిల్ల గట్టిది," అంది నానమ్మ.

"నిమోనియా మాస్టారికి," అని సర్దబోయాడు జెర్మానో.

"అదే, ఆయన దగ్గర్నుంచే అంటుకుంది!"

హాల్వర్సన్ కలం కింద పెట్టింది. "ఒక్క డబ్ల్యూని మేం పట్టించుకోమండీ. తర్వాత అదే కోర్సు మళ్లీ చదివి 'ఎ' గ్రేడు తెచ్చుకుంది కూడా. కానీ దరఖాస్తులో అబద్ధం రాస్తే సీటు ఇవ్వం. డెల్ఫీనా, ఏం జరిగిందో నువ్వు చెప్పు."

డెల్ఫీనా తండ్రి వైపు చూసింది. నోరు విప్పలేదు. సీటు పోయినా సరే, ఈ పిల్ల తన మాట దాటదని జెర్మానోకు అర్థమైంది. లేచి నిలబడి ప్యాంటు మోకాలిదాకా మడిచాడు.

"ఆవు తన్నిందండీ. తొలిచూలుది, ఇంతే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా పాడి చేస్తున్న వాణ్ణి, ఎవరికి చెప్పుకోను? మూడు నెలలు మా అమ్మాయే తెల్లారగట్ల లేచి నూట ఎనభై ఆవుల పాలు తీసింది. కెమిస్ట్రీ ల్యాబు పొద్దున్నే కాబట్టి అదొక్కటే వదిలేసింది. మిగతావేవీ వదల్లేదు!"



"కప్పు మీంచి పడ్డానన్నావు కదరా!" అంది నానమ్మ.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందామమ్మా."

హాల్వర్సన్ నవ్వు ఆపుకుంటూ జాబితా తిరిగి ఇచ్చింది. "ఇదే రాయమ్మా. ఒక్క ముక్క ఎక్కువొద్దు."

ఏప్రిల్‌లో సీటు వచ్చింది. ఆ ఆదివారం చర్చి విందులో జెర్మానో కుర్చీ మీద కాలు పెట్టి, మచ్చ చూపిస్తూ అందరికీ కథ చెప్పాడు. "ఆ తన్నుకి భయపడిందా నా కూతురు? నేను పడుకుంటే ఇది నిలబడింది!"

తర్వాత ప్రతి ఆదివారమూ చెప్పాడు. చెప్పిన కొద్దీ ఆవు పెరుగుతూ వచ్చింది. జూన్ నాటికి అది ఎద్దయింది.