రేపటి నుంచి సెలవు

వంటింటి గోడలకు రంగు వేయడానికి రెండు రోజులు చాలనుకున్నారు బ్రేకుగారు. తెల్లరంగు డబ్బాలు, బ్రష్షులు అప్పటికే గుమ్మం పక్కన చేరాయి. ఆఫీసుకు ఒక ముక్క రాసి పడేస్తే చాలు, రేపూ ఎల్లుండీ పాత చొక్కా తొడుక్కుని గోడల పని పట్టవచ్చు.

బ్రేకుగారన్నది ఆయన అసలు పేరు కాదు. లిఫ్టులు బిగించే కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి ఆయన పెద్ద. ఎవరేం అడగబోయినా ముందు "ఆగు" అంటారు. కొత్త కుర్చీ కావాలన్నా ఆగు, ఫ్యాను తిరగడం లేదన్నా ఆగు. అందుకని ఆఫీసు ఆయనకు ఆ పేరు పెట్టుకుంది. ఆయన నోట మెచ్చుకోలు మాట విన్న మనిషి మాత్రం ఆ భవనంలో లేడు.

ఆ ఉదయం బావమరిది కాఫీ తాగడానికి వచ్చాడు. అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. బావగారు ల్యాప్‌టాప్‌లో వార్తలు చదవడానికి పడుతున్న అవస్థ చూసి కప్పు కింద పెట్టేశాడు.

"బావగారూ, మీరు వార్తలు చదువుతున్నారా, ప్రకటనలు చదువుతున్నారా? ఇటివ్వండి. కొత్త బ్రౌజరు వేస్తాను. అన్నీ అందులోనే ఉంటాయి."

"ఆగు. ఉన్నది పోతుందేమో?"

"ఏదీ పోదు."

కాసేపటికి అదే వార్తల పేజీ తెరుచుకుంది. చెప్పుల ప్రకటన లేదు. జుట్టు నూనె లేదు. ఎగిరెగిరి అడ్డం వచ్చే అప్పుల కంపెనీ లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు, అంతే. బ్రేకుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"వార్తల చుట్టూ ఇంత చోటుందా!"

అంతలో మూలన చిన్న అక్షరాలు వెలిగాయి. 'మిమ్మల్ని వెంబడిస్తున్న వాటిని ఆపేశాం.' బ్రేకుగారు లేచి కిటికీ తెర లాగారు.

"నన్ను వెంబడిస్తున్నారా? ఎవరయ్యా?"

"చెప్పుల కంపెనీ, బావగారూ. మొన్న మీరు చెప్పుల జత చూశారు కదా, అప్పటి నుంచీ ఏ పేజీకి వెళ్తే ఆ పేజీకి మీ వెనకాలే వస్తోంది. ఇక రాదు."

"నా వెంట పడాల్సినంత మనిషినా నేను?" అంటూ ఆయన చొక్కా సర్దుకున్నారు.

బావమరిది ఇంకో మీట నొక్కాడు. నెలల తరబడి బ్రేకుగారు తెరిచి మూయకుండా వదిలేసిన ఫిర్యాదుల పేజీలన్నీ చకచకా జట్లుగా చేరి, నెత్తిన తలా ఒక రంగుతో వరసలో నిలబడ్డాయి. చేతిలో గరిటెతో వచ్చిన ఇల్లాలు నోరు తెరిచింది.

"ఇల్లు కూడా సర్దుతుందేమో అడగరా తమ్ముడూ."

"అది చెయ్యదు గానీ అక్కా, ఉత్తరాలు రాస్తుంది. పక్కన ఈ సన్నటి గడి చూశావా? ఇందులో ఏఐ ఉంది. ఏం కావాలో చెబితే, తెరిచి ఉన్న పేజీలన్నీ చదివి మరీ రాస్తుంది. బావగారూ, ఆఫీసుకు రాయాలన్నారుగా, కానివ్వండి."

బ్రేకుగారు ఒంటి వేలితో టైపు చేస్తారు కనుక ఒక్క అక్షరం కూడా వృథా చెయ్యరు. 'రేపటి నుంచి సెలవు తీసుకుంటున్నానని ఆఫీసులో అందరికీ రాయి' అని కొట్టి ఊరుకున్నారు.

"మనసు పెట్టి రాయమనండి," అన్నాడు బావమరిది. అదీ చేర్చారు.

అది మనసు పెట్టింది. కళ్ళముందే, ఎవరో లోపల కూర్చుని రాస్తున్నట్టు, వాక్యం వెంట వాక్యం దిగివచ్చింది. 'కుండపోత వానలో కరెంటు పోయిన మధ్యాహ్నం, లిఫ్టులో చిక్కుకున్న పెద్దాయనకు తలుపులు తెరుచుకునేదాకా ఫోనులో ధైర్యం చెప్పిన మా ఆపరేటరుగారి గొంతు నేను మరిచిపోలేను.' బ్రేకుగారికి ఒళ్ళు జలదరించింది. 'ఎంత ఎత్తైన భవనమైనా మా మెకానిక్ చెయ్యి పడితే భయం పోతుంది.' మేనేజరు గురించి రాసిన చోటికి వచ్చేసరికి కళ్ళు చెమ్మగిల్లి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇక చదవలేనయ్యా. విషయమేమిటో నువ్వే చెప్పు."

బావమరిది సారాంశం మీట నొక్కాడు. 'మీరు రేపటి నుంచి సెలవు తీసుకుంటున్నారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పారు' అని వచ్చింది.

"ముక్కకు ముక్క సరిపోయింది," అని బ్రేకుగారు కంపెనీ మొత్తానికి పంపేశారు.

ఆయన ఆఫీసులో అడుగు పెట్టేసరికి ఆపరేటరమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, నిజంగానే వెళ్తున్నారా?"

"తప్పదమ్మా. ఇంట్లో ఆవిడ వంటింట్లో నిలబడలేకపోతోంది."

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! ఎప్పటి నుంచి సార్?"

"ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. ఆగు ఆగు అంటూ నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే పైనుంచి కిందిదాకా పాడైపోయింది."

ఆపరేటరమ్మ బావురుమంది. గోడల మసి గురించి పరాయి మనిషి ఇంత బాధపడడం బ్రేకుగారు ఎన్నడూ చూడలేదు. తన గదిలోకి వెళ్ళి కూర్చుని, మనుషుల్లో ఇంత దయ ఉందా అని ఆశ్చర్యపోయారు.

ఆ తర్వాత మెకానిక్ వచ్చాడు. వాళ్ళిద్దరికీ ఒక గ్రీజు డబ్బా దగ్గర మాటా మాటా పెరిగి చాలాకాలంగా పలకరింపులు లేవు. అతను వస్తూనే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను క్షమించండి సార్. మీరిలా వెళ్తుంటే మనసు ఆగలేదు. అమ్మగారి సంగతి విన్నాను. నా వల్ల ఏమైనా అవుతుందంటే చెప్పండి."

"ఇంకో మనిషి ఉంటే మంచిదేనయ్యా. వచ్చేటప్పుడు నిచ్చెన తీసుకురా."

"నిచ్చెనా?"

"పైకి ఎలా అందుతుంది మరి? కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కబోతోంది ఆవిడ. పడితే నడుము విరుగుతుంది."

మెకానిక్ ఆ దృశ్యం ఊహించుకున్నాడు. జబ్బుమనిషి మేడమీది గదికి కుర్చీలు పేర్చుకుని ఎక్కుతోంది! భర్తేమో ఊరందరికీ లిఫ్టులు పెట్టించిన మనిషి! అతను తిన్నగా మేనేజరు గదికి పరుగెత్తాడు.

ఎవరో కొని వద్దనుకున్న చిన్న లిఫ్టు ఒకటి గోదాములో దుమ్ము పట్టి ఉంది. ఉదయం నుంచి ఉత్తరాన్ని పదేపదే చదువుకుంటున్న మేనేజరు, మెకానిక్ మాట ముగించకుండానే దాన్ని బ్రేకుగారింటికి ఇచ్చేశాడు. బిగించడానికి రేపూ ఎల్లుండీ మేము వెళ్తామంటూ సిబ్బంది ముందుకొచ్చారు. అడిగిన వాళ్ళందరికీ మేనేజరు అప్పటికప్పుడు సెలవు ఇచ్చేశాడు. సాయంత్రం దాకా సార్‌కి తెలియకూడదని ఒట్లు పెట్టుకున్నారు. మెకానిక్ టేపు పట్టుకుని కొలతలకు బయలుదేరాడు.

సాయంత్రం భోజనాల గదిలోకి పిలిస్తే బ్రేకుగారు వెళ్ళారు. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. తనకు ముందు వరసలో, పూలగుత్తి పక్కన చోటు చూపించారు. ఆయన లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. రెండు రోజుల సెలవుకే ఇంత చేస్తే, వారం పెట్టేవాళ్ళకు ఏం చేస్తారో అనుకున్నారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళ ఉద్యోగం వదులుకుని, మంచాన పడిన ఇల్లాలికి సేవ చేసుకోవడానికి మన మధ్య నుంచి వెళ్ళిపోతున్న మహామనిషి..."

ఎవరా మహామనిషి అని బ్రేకుగారు పక్కకు తిరిగి చూశారు. పక్కనున్న వాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

"ఆయన చివరి మాటలు వినండి," అని మేనేజరు ఫోనులోంచి చదివాడు. "'ఈ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారు. వారిని నన్ను చూసినట్టే చూసుకోండి. ఇక మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.'"

ఉదయం కళ్ళు మసకబారి చదవకుండా వదిలేసిన భాగం అదేనని బ్రేకుగారికి అప్పుడు తెలిసింది. కాళ్ళ కింద నేల లిఫ్టులా జారినట్టయింది.

అదే క్షణంలో తలుపు తోసుకుని ఆయన ఇల్లాలు గబగబా వచ్చింది. ఆవిడ వేగం అందుకోలేక వెనక మెకానిక్ రొప్పుతున్నాడు.

"ఏమండీ! మనింటికి లిఫ్టేమిటి? మేడే లేదు కదా! ఉద్యోగం మానేశారంటాడు, నాకు జబ్బంటాడు, ఏమిటిదంతా?"

గది గదంతా ఆవిడ కాళ్ళకేసి చూసింది. అవి దివ్యంగా ఉన్నాయి.

బ్రేకుగారు మెల్లగా లేచారు. వంటింటి గోడల సంగతి చెప్పారు. సెలవంటే రెండు రోజులేనన్నారు. మేనేజరు చేతిలోని ఫోను చూపించి, "అది నేను రాసింది కాదు. బ్రౌజరు రాసింది," అన్నారు.

ఆపరేటరమ్మ చేతిలోని రుమాలు మడత పెట్టుకుంది. "అయితే నా గురించి రాసిందీ అదేనా సార్?"

"అదేనమ్మా. ఆ పెద్దాయన నీకు కృతజ్ఞతలు చెబుతూ రాసిన పేజీ నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంది."

"అది పోయిన వానాకాలం నాటిది కదా సార్. ఇంకా ఎందుకు తెరిచి ఉంచారు?"

బ్రేకుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూయబుద్ధి కాలేదు. ఆరోజు పక్క గదిలో ఉండి నువ్వు మాట్లాడిందంతా విన్నాను. బాగా మాట్లాడావని చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు."

ఆమె పూలగుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. ముందుగా మెకానిక్ చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ. వంటింటి మసి గురించి ఆరేళ్ళుగా విసుక్కుంటున్న ఇల్లాలు, ఈయన మా ఆయనేనా అన్నట్టు ఆయన్ని ఎగాదిగా చూసింది. బ్రేకుగారు మాత్రం చప్పట్ల మధ్య పూలు పట్టుకుని, మొదటిసారి ఆకాశం చూసిన పసివాడిలా నిలబడిపోయారు. ఇంతమంది ఇన్నేళ్ళుగా పక్క గదుల్లోనే ఉన్నారు!

సందడి తగ్గాక మేనేజరు దగ్గరికి వెళ్ళారు.

"మరి రేపూ ఎల్లుండీ సెలవు..."

మేనేజరు తల గోక్కున్నాడు. "మీరు పూర్తిగా వెళ్ళిపోతారంటే ఎలాగూ ఆపలేనని ఊరుకున్నాను. రెండు రోజులంటే కుదరదండీ. మీ ఇంటి పని మీద అందరికీ సెలవిచ్చేశాను. మీరు కూడా లేకపోతే ఫోనెవరు ఎత్తుతారు?"

"మా ఇంట్లో లిఫ్టు పని లేదుగా!"

"రంగు పని ఉందిగా సార్," అన్నాడు మెకానిక్. "నిచ్చెన తెస్తానని మాటిచ్చాను."

మర్నాడు తెల్లవారగానే సిబ్బంది అంతా బ్రేకుగారింటికి చేరారు. ఆఫీసులో ఆయనొక్కరే మూడు ఫోన్ల మధ్య కూర్చున్నారు. ఇరుక్కున్న వాళ్ళకు, తలుపు పడని వాళ్ళకు, మీట నొక్కితే కదలని వాళ్ళకు జవాబు చెప్పారు. ఆపరేటరమ్మ పని ఇంత కష్టమని ఆయనకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం ఒకామె లిఫ్టులోంచి భయంగా ఫోను చేస్తే "ఆగు" అనబోయి, "భయపడకమ్మా, నేనున్నాను," అన్నారు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మలేక రిసీవరు కేసి చూసుకున్నారు.

రెండో రోజు చీకటి పడుతుండగా ఇల్లు చేరేసరికి వంటిల్లు మెరిసిపోతోంది. తెల్లరంగు డబ్బాలు మూత తియ్యకుండా గుమ్మం పక్కనే ఉన్నాయి. గోడలు నాలుగూ చిలకపచ్చ రంగులో ఉన్నాయి. అందరూ కలిసి ఓటు వేసి తేల్చారట. సెలవులో ఉన్నవాళ్ళకే ఓటు.