దూరపు గుంపు

వానలు మొదలయ్యేలోగా చంద్రుడు లేని రాత్రి ఇదొక్కటే మిగిలింది. కొట్టు పెందరాళే కట్టేసి, డాబా మీద లైటు ఆర్పించి, ఎన్నాళ్ళుగానో చిక్కకుండా తిప్పలు పెడుతున్న గెలాక్సీల గుంపును ఫోటో తీయాలని వాచీల బాబాయి పొద్దున్నే తీర్మానించుకున్నాడు. టెలిస్కోపు ఆయన సొంతంగా కట్టుకున్నదే. ఆకాశంతోపాటు మెల్లగా తిరగడానికి దానికి పాత గోడగడియారం పళ్ళచక్రాలు బిగించాడు. ఊరందరికీ టైము సరిచేసి ఇచ్చే మనిషికి కాస్త టైము ఇచ్చేవాళ్ళు లేరు. పై గదిలో ఆయనతో మాట్లాడేవల్లా ఆ గడియారాలే.

కింద ఓనరమ్మ మిక్సీ వేస్తోంది. బాబాయి గుమ్మంలోనే నిలబడి గొంతు పెంచాడు.

"రాత్రికి దూరపు గుంపొకటి ఉందమ్మా. ఇన్నేళ్ళకు కుదిరింది. డాబా మీద లైటు సంగతి కాస్త చూడు."

"ఎంతమంది, బాబాయిగారూ?"

మిక్సీ మోతలో ఆయనకు 'ఎన్ని' అని వినబడింది. "వెయ్యికి పైమాటే. మనకు చిక్కేది ఏ పదో పన్నెండో."

ఓనరమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఆ గది తలుపు తట్టింది కరెంటు బిల్లు అబ్బాయి ఒక్కడే. మిక్సీ ఆగేసరికి వార్త కింది వాటా డ్రైవరుకు చేరి దూరపు చుట్టాలైంది. ఎదురింటి టైలరు దగ్గరికొచ్చేసరికి, అంతమంది ఊరికే ఎందుకొస్తారు, సంబంధం మాట్లాడటానికేనని తేలింది. కొలతలు అడిగితే సిగ్గుపడతాడని, టైలరు కంటి అంచనాతోనే చొక్కా కుట్టేశాడు.

చీకటిపడే వేళకు బాబాయి డాబా ఎక్కాడు. పిట్టగోడ చుట్టూ రంగురంగుల బల్బులు, వరసగా అద్దె కుర్చీలు, మూతపెట్టిన వంట గిన్నెలు. ఆ వెలుగులో చుక్క కాదు కదా, చంద్రుడొచ్చినా గుర్తుపట్టలేం.

"ఏరీ మీవాళ్ళు?" అంది ఓనరమ్మ.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, తనకెవరూ లేరని ఇంతమంది ముందు ఒప్పుకోవాలి.

"బయల్దేరారమ్మా."

"ఎప్పుడు?"

"చాలా కాలమైంది."

తాను ఎదురెళ్ళి తీసుకొస్తానని, ఎటువైపు నుంచి వస్తున్నారో చెప్పమని డ్రైవరు బండి తాళాలు తీశాడు. బాబాయి వేలు దానంతటదే పైకి లేచింది. అందరూ ఆకాశంలోకి చూశారు. ఎవరూ కదల్లేదు. టైలరు చొక్కాను వెనక్కి దాచి గొంతు తగ్గించాడు.

"వెయ్యిమందీనా?"

బాబాయికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే సంగతంతా బయటపెట్టాడు, ఎవరూ లేరన్నది కూడా.

"లైటు చూడమంటే ఆర్పమనా అర్థం?" అని విసుక్కుంటూ ఓనరమ్మ వెళ్ళి స్విచ్చి కట్టేసింది. అప్పటికే పైన మబ్బు కమ్మేసింది. "వాళ్ళు రారు గానీ, చల్లారిపోతుంది, కూర్చోండి" అంటూ మళ్ళీ లైట్లు వేసింది.

చొక్కా ఇద్దరికి సరిపోయేలా ఉంది. అది తొడుక్కునే బాబాయి టెలిస్కోపుకున్న కెమెరా ఊడదీసి వాళ్ళందరినీ ఫోటోలు తీశాడు. అందరూ దిగిపోయాక మబ్బు విడింది. బ్యాటరీ అయిపోయింది. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే నిలబడి, చాలాసేపు ఉత్త కంటితోనే పైకి చూశాడు.

తర్వాత కొట్టు గోడమీద, ఎప్పటికైనా గెలాక్సీలకని ఉంచిన చోట కొత్త ఫోటో వెలిసింది. కింద బాబాయి చేతిరాత: 'గుంపు. దూరం: రెండంతస్తుల మెట్లు.'