గాలి రాష్ట్రానిది, నీళ్లు కేంద్రానివి

ఆ ఉదయం ఓడీల్ వేసుకున్న పథకం చిన్నదే. బీమావాళ్లు వచ్చేలోగా ఇంటిని మనుషులు అడుగుపెట్టేలా చెయ్యాలి. తుపాను వెళ్లిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్లాలిద్దరూ ఆడపడుచు ఇంట్లో తలదాచుకుంటున్నారు. ఓడీల్ కాఫీలో చక్కెర వేసుకున్నప్పుడల్లా ఆవిడ చెంచా వంకే చూస్తుంది. బీమా వస్తే ఇల్లు బాగుచేసుకోవచ్చు. రాకపోతే ఆ చూపుల కిందే బతకాలి.

లూసియానా రాష్ట్రంలో తుపానుకు ఇద్దరు యజమానులు. గాలి చేసిన నష్టానికి రాష్ట్ర చట్టం కింద నడిచే ప్రైవేటు కంపెనీ ఇవ్వాలి. వరద చేసిన నష్టానికి కేంద్రప్రభుత్వ బీమా ఇవ్వాలి. ఓడీల్ భర్త ఆల్సీడ్ రెండూ కట్టాడు కాబట్టి ధీమాగానే ఉన్నాడు, గుమ్మంలో అడుగుపెట్టేదాకా.

"గోడమీద బురద గీత ఏదే?"

"కడిగేశాను. మనుషులొస్తుంటే అలాగే ఉంచుతానా?"

"నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపించేది అదొక్కటే కదే. ఈ ఊళ్లో పుట్టినదానివి, నీకూ చెప్పాలా? పోనీ, కాస్త బురద తెచ్చి పూసేస్తాను."

"కడిగిన గోడకా? నా ప్రాణం ఉండగా పూయనివ్వను."

ఇంతలో బీమావాళ్లిద్దరూ ఒకేసారి దిగారు. కంపెనీ మనిషి గిల్బో ఉబ్బిన నేలను బూటుతో తట్టాడు. "ఇది వరద పనేనమ్మా. గోడలు కదిలి కప్పు కూడా ఊడింది. నా కిందకు రాదు."

కేంద్రం తరఫున వచ్చిన ప్రెస్కాట్ తళతళలాడే గోడను చేత్తో తడిమాడు. "వరదొచ్చిన ఇల్లులా లేదే. గాలికి కప్పెగిరి వాన పడింది. అది ఆయనే చూసుకోవాలి. నీళ్లు ఎంతవరకు వచ్చాయి?"

"ఛాతీ వరకు," అన్నాడు ఆల్సీడ్.

"నడుం వరకు," అంది ఓడీల్, అదే క్షణంలో.

ప్రెస్కాట్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. ఆల్సీడ్ కళ్లముందు తన అక్క ఇంటి చక్కెర చెంచా కదిలింది.

ఏం చెయ్యాలో తోచనప్పుడు ఓడీల్ వంట మొదలుపెడుతుంది. భోజనం చేసి వెళ్లండంటూ వంటగదిలోకి నడిచింది. గోడలు కడగడంతోనే పొద్దు గడిచిపోయి అక్కడ ఇంకా చెయ్యే పెట్టలేదు. పొయ్యి పైనున్న అరమీంచి గంబో పులుసు వండే ఇనప గుండిగను దించబోతే బరువుకు చెయ్యి వంగింది. నిండా బురదనీళ్లు. అందులోంచి ఒక మంచినీటి రొయ్య కొండీలెత్తి అందరినీ బెదిరించింది.

గిల్బో ముఖం వెలిగిపోయింది. "చూశారా సార్, దీన్ని వాన మోసుకొచ్చిందా? వరద ఈ అర దాటింది. అంతా మీదే." సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఆగండాగండి." ప్రెస్కాట్ ఆయన మోచెయ్యి పట్టి కిటికీ దగ్గరికి లాక్కెళ్లాడు. "నేల నాదే, ఒప్పుకున్నా. మరి ఆ కప్పు రేకును ఓక్ చెట్టు చిటారుకొమ్మన తగిలించింది కూడా వరదేనా? చెట్టు మునిగితే ఊరు మిగిలేదా?"

గిల్బో తలెత్తి కొమ్మన వేలాడే రేకును చూశాడు. తర్వాత సంచీ దించాడు. ఒకరు తప్పు రాయకుండా ఇంకొకరు కాపలా కాస్తూ ఇద్దరూ కింద వరద, పైన గాలి అని రాసి సంతకాలు చేశారు.

వాళ్ల కార్లు మలుపు తిరిగాక ఆల్సీడ్ కుర్చీలో కూలబడి, ఎన్నాళ్లకో గుండెనిండా ఊపిరి పీల్చాడు. ఓడీల్ రొయ్యను కాలవలో వదిలిపెట్టి వచ్చింది. ఎంతైనా రాష్ట్రానికీ కేంద్రానికీ ఒకే మాట చెప్పిన సాక్షి అదొక్కటే.